మెత్తని వంటల పుస్తకం: నాయన కోసం, కొలతలతో

అక్టోబరు 3

నాయన నోట్లో మిగిలిన నాలుగు పళ్లు నిన్న నెల్లూరులో తీయించాం. చిగుళ్లు బాగా మానాక, అంటే రెండు మూడు నెలలకి, కట్టుడు పళ్లకి కొలత తీస్తామని డాక్టరమ్మ చెప్పింది. అప్పటిదాకా నమిలే పని లేని తిండే పెట్టాలి.

పొద్దున ఇడ్లీ పాలలో నానబెట్టి ఇచ్చాను. మధ్యాహ్నం జావలాంటి అన్నంలో పప్పుకట్టు. రాత్రి కంచం ముందు కూర్చుని, "మీ అమ్మ పరమాన్నం చేసేది కదమ్మా" అన్నాడు. చెయ్యమని అడగలేదు.

అమ్మ పోయి మూడేళ్లు. ఏదీ రాసిపెట్టలేదు. అన్నీ చేతి కొలతలు, కంటి కొలతలు. నేను పక్కన నిలబడి చూసినదాన్నే గానీ గరిటె పట్టినదాన్ని కాదు. అందుకే ఈ డైరీ మొదలుపెడుతున్నా. అమ్మ చేసే మెత్తని తీపి వంటలు ఒక్కొక్కటే చేసి, నాయన "ఇదే" అనేదాకా మళ్లీ మళ్లీ చేసి, గ్రాముల్లో రాసిపెట్టాలి. పరమాన్నం, సగ్గుబియ్యం పాయసం, పెసరపప్పు పాయసం, సేమ్యా, పాలతాలికలు, జున్ను. ముందు ఈ ఆరు. నాయనకి 78 ఏళ్లు. షుగరు లేదు, ఆ భయం అక్కర్లేదు.

సామాను: కొత్తగా కొన్న డిజిటల్ కాటా, ఇండక్షన్ స్టవ్వు, రాసుకోవడానికి ఫోన్లో నోట్సు యాప్. సందేహం వస్తే అల్లూరులో పెద్దమ్మ ఉంది, వీడియో కాల్‌లో అడగొచ్చు.

అక్టోబరు 5

పరమాన్నం, మొదటిసారి.

అమ్మ వాడిన ఇత్తడి గిన్నె అటక మీద నుంచి దించి, చింతపండుతో తోమి, ఇండక్షన్ మీద పెట్టాను. స్టవ్వు నాలుగు సార్లు కీచుమని ఆగిపోయింది. తెర మీద ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె. దాని అర్థం ఏమిటో స్టవ్వుతో వచ్చిన కాగితంలో వెతికితే "గిన్నె లేదు" అని ఉంది. గిన్నె కళ్లెదుటే ఉంది.

తర్వాత అసలు సంగతి తెలుసుకున్నా. ఇండక్షన్ స్టవ్వులో మంట ఉండదు. లోపలి రాగి తీగ చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, దాంతో గిన్నె అడుగే వేడెక్కుతుంది. అందుకు అడుగు అయస్కాంతానికి అంటుకునే లోహమై ఉండాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం పనికిరావు. ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తెచ్చి ఇంట్లో ప్రతి గిన్నెకీ పెట్టి చూశాను. పదకొండింటిలో మూడే అంటుకున్నాయి. స్టవ్వు కొనేటప్పుడు ఈ మాట ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది.

స్టీలు గిన్నెలో చేశాను. బియ్యం, పెసరపప్పు పాలలో ఉడికాక, పొంగుతుండగానే బెల్లం తరిగి వేశాను. నిమిషం తిరగలేదు, పాలు విరిగిపోయాయి. తెల్లటి ముక్కలు ఒక పక్క, పసుపు నీళ్లు ఒక పక్క.

నాయన అయినా తిన్నాడు. "రుచి బాగుందమ్మా" అన్నాడు. నాకు మాత్రం ఈ రాత్రి నిద్ర పట్టడం లేదు.

అక్టోబరు 8

పెద్దమ్మని అడిగాను. "పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే విరక్కేం చేస్తాయే? దించి చల్లారనియ్యాల" అంది.

బెల్లంలో కొంచెం పులుపు గుణం ఉంటుంది. మరిగే వేడిలో ఆ పులుపు తగిలితే పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది. పెరుగు చుక్క పడితే మరిగే పాలు విరగడం లాంటిదే. బెల్లాన్ని విడిగా కాసిని నీళ్లతో కరిగించి, ఒక పొంగు రానిచ్చి, వడకట్టాలి. ఇసుక, చెరుకు పీచు జల్లెడలో మిగిలిపోతాయి. అది చల్లారాలి, అన్నమూ గోరువెచ్చగా కావాలి. అప్పుడు కలపాలి. మళ్లీ పొయ్యి ఎక్కించకూడదు.

ఇవాళ అలాగే చేశాను. ఒక్క ముక్క కూడా విరగలేదు.

కొలత: బియ్యం 100 గ్రాములు, పెసరపప్పు 30, నీళ్లు 300 మి.లీ., పాలు 750 మి.లీ., బెల్లం 160 గ్రాములు, నెయ్యి 20, యాలకులు మూడు. పప్పు ముందు దోరగా వేయించాలి. బియ్యం సగం ఉడికాకే పాలు పోయాలి, లేకపోతే అడుగంటుతుంది. బెల్లం నల్లగా ఉన్నదే తీసుకోండి. మెరిసే పసుపు రంగు రావడానికి తయారీలో రసాయనం కలిపే చోట్లున్నాయి, రుచి కూడా పలచన.

నాయన రెండు గిన్నెలు తిని, "బియ్యం తేడా" అన్నాడు. ఆయన చిన్నతనంలో మొలకొలుకులు అనే పాత రకం బియ్యం వండేవారు. ఇప్పుడు మా చేలో వేసేది ఎన్‌ఎల్‌ఆర్ 34449, నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం. సన్నగా ఉంటుంది, అన్నానికి బాగుంటుంది. పరమాన్నానికి కొత్త బియ్యం వాడితే తొందరగా మెత్తబడి జిగురొస్తుంది, పాత బియ్యమైతే పలుకుగా నిలుస్తుంది. నాయనకి ఇప్పుడు కావాల్సింది జిగురే. ఈసారి కొత్త బియ్యంతో చేస్తా.

అక్టోబరు 12

కాటా. దీని గురించి రాయకుండా ఉండలేను.

గిన్నె పెట్టి సున్నా చేసి, బెల్లం తూస్తుంటే ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి కాటా తనంతట తాను ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే అప్పటికే గిన్నెలో ఉన్నదంతా సున్నా కింద లెక్కేసింది. ఎంత పోశానో పోయింది. బ్యాటరీ మిగలడానికి రెండు నిమిషాలకి ఆరిపోయేలా పెట్టారట. ఆ రెండు నిమిషాలు మార్చుకునే మీట ఎక్కడా లేదు. వంటింట్లో ఎవరైనా రెండు నిమిషాలు కదలకుండా నిలబడతారా?

నాయన లేచివెళ్లి, దేవుడి గూటి కింద బియ్యం డబ్బాలోంచి అమ్మ సోల, గిద్దె తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఇత్తడివి, అంచులు అరిగినవి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పెద్దమ్మ ఇప్పటికీ ఈ లెక్కలోనే చెబుతుంది.

మధ్యాహ్నమంతా కూర్చుని వాటిని కాటాతో సరిచూశాను. తలకొట్టి పోసిన గిద్దె బియ్యం 61 గ్రాములు. సోల 243. నాలుగు గిద్దెలకి 244 రావాలి. ఒక్క గ్రాము తేడా! ఇవి ఎవరు పోతపోశారో గానీ ఇన్నేళ్లు అరిగాక కూడా ఒకదానికొకటి అబద్ధం చెప్పడం లేదు.

ఇకమీద పద్ధతి మార్చాను. ముందు అన్నీ విడివిడి గ్లాసుల్లో తూచి వరసగా పెట్టుకుంటా. కాటా పని అక్కడితో సరి. పుస్తకంలో గ్రాములూ రాస్తా, పక్కన గిద్దెలూ రాస్తా.

అక్టోబరు 16

ఇత్తడి గిన్నెలో చేయాలంటే గ్యాస్ కావాలి. సిలిండర్ నాలుగు రోజుల్లో అయిపోతుంది. బుక్ చేయబోతే ఓటీపీ పంపామంటుంది. ఎక్కడికి పంపింది? అమ్మ నంబరుకి.

కనెక్షన్ అమ్మ పేరు మీద ఉంది. ఇన్నాళ్లూ మా ఊరి కుర్రాడు ఆఫీసులో చెప్పి తెచ్చేవాడు, నాకు తెలియలేదు. అమ్మ సిమ్ వాడకుండా వదిలేశాం, అది ఆగిపోయింది. అలా ఆగిన నంబరుని మూడు నెలలు దాటాక ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మనసు ఆగక ఆ నంబరుకి ఫోన్ చేశాను. రింగయింది. ఎవరో చిన్న పిల్లవాడు ఎత్తి "ఎవరు?" అన్నాడు. వెనక టీవీ శబ్దం. "రాంగ్ నంబర్ నాయనా" అని పెట్టేశాను. ఆ పూట ఇంకేం చేయలేకపోయాను.

పేరు మార్చడానికి కావాల్సిన కాగితాలు: అమ్మ మరణ ధ్రువపత్రం, నాయన ఆధార్, ఇంటి చిరునామా రుజువు, పాత పుస్తకం. అన్నీ ఒక కవర్లో పెట్టాను. ఇంట్లో పెద్దవాళ్ల పేర్ల మీద ఉన్న కనెక్షన్లకి, బ్యాంకు ఖాతాలకి ఏ నంబరు ఇచ్చి ఉందో ఇవాళే చూసుకోండి. మనిషి ఉండగా అరగంట పని.

సాయంత్రం పెసరపప్పు పాయసం చేశాను. కొలత సరిపోయింది, ఒకేసారికి "ఇదే" అన్నాడు. పప్పు 100, బెల్లం 120, కొబ్బరిపాలు ఒక కాయవి. కొబ్బరిపాలు కూడా దించాకే పోయాలి.

అక్టోబరు 21

రెండు రోజులుగా వాన. అక్టోబరులో ఈశాన్య గాలి తిరిగిందంటే మాకు అసలు వానాకాలం ఇదే. వాయుగుండం అంటున్నారు. నిన్న రాత్రి తొమ్మిదికి కరెంటు పోయి ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. ఇండక్షన్ నిద్రపోయింది. సిలిండర్ అడుగున మిగిలిన గ్యాస్ మీద ఇత్తడి గిన్నె పెట్టి, టార్చిలైటు వెలుగులో సగ్గుబియ్యం వండాను.

సగ్గుబియ్యం అంటే కర్రపెండలం దుంప పిండిని గుండ్రంగా చేసి వేయించి ఆరబెట్టినవి. గంట నానితే చాలు. ఉడికేటప్పుడు ఒక్కో పూస మధ్యలో తెల్ల చుక్క కనిపిస్తుంది, అది కరిగి పూస అద్దంలా అయితే ఉడికినట్టు. చూసి తెలుసుకునే పని. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి దించేటప్పుడు పలచగా ఉన్నా కంగారు వద్దు, ఒక గ్లాసు వేడి పాలు పక్కన ఉంచుకోవాలి.

ఉదయగిరి చెక్క గరిటెతో కలుపుతూ కూర్చున్నాను. చెక్క గరిటె అయితే ఇత్తడి గిన్నె లోపలి కళాయి పూత గీసుకుపోదు, పిడి వేడెక్కదు. బయట నారుమళ్ల మీద వాన. వంటిల్లంతా యాలకుల వాసన. నాయన పీట వేసుకుని పక్కనే కూర్చుని, 1977 తుఫాను రాత్రి గురించి చెప్పాడు. ఆ కథ ఎన్నోసార్లు విన్నాను, ఇవాళ వేడి గిన్నె చేతిలో పెట్టుకుని విన్నాను.

కొలత: సగ్గుబియ్యం 80 గ్రాములు, పాలు 600 మి.లీ., నీళ్లు 250, పంచదార 90.

అక్టోబరు 27

నోట్సు యాప్ అప్‌డేట్ అయింది. పొద్దున తెరిస్తే మళ్లీ లాగిన్ కమ్మంది. పాస్‌వర్డ్ కొడితే తప్పంది. మార్చుకుందామంటే నేను ఇప్పుడు వాడని పాత మెయిల్‌కి లింకు పంపింది. చివరికి లోపలికి వెళ్లేసరికి పది రోజుల రాతలు లేవు. సేమ్యా మూడుసార్లు చేసి కుదిర్చిన లెక్క, సగ్గుబియ్యం లెక్క. "ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి."

కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. పాలు విరిగినప్పుడు కూడా నాకు ఇంత బాధ లేదు. ఎందుకంటే విరిగిన పాలు కళ్లెదుట ఉన్నాయి. ఏ క్షణంలో విరిగాయో చూశాను, పెద్దమ్మ ఒక్క మాటలో కారణం చెప్పింది, మూడో రోజుకి దిద్దుకున్నాను. ఈ యాప్‌లో ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పరు. నేనేం తప్పు చేశానో తెలిస్తే మళ్లీ చేయను కదా. తెలియనివ్వకుండా "ఏదో" అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. నాయన వయసువాళ్లు ఆ "ఏదో" చదివి, తప్పు తమదే అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ట్రంకు రోడ్డులో 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. సగ్గుబియ్యం లెక్క ఈ డైరీలో ఉంది కాబట్టి బతికింది. సేమ్యా మళ్లీ చేయాలి.

నవంబరు 4

పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ పని. వేలిముద్ర యంత్రం ఉన్న చోటికి నాయనని తీసుకెళ్లాను. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేళ్లు, తడి గుడ్డతో తుడిచి మళ్లీ. ఏదీ పడలేదు. బడిలో పాఠం చెప్పి వచ్చి సాయంత్రాలు చేలో పని చేసిన చేతులు. గీతలు అరిగిపోయాయి. ఈ వయసులో చర్మం పొడిబారి కూడా పలచబడతాయట. యంత్రం దగ్గర కుర్రాడు మంచివాడు, ఓపిగ్గా ఎనిమిదిసార్లు పెట్టించాడు. నాయన ఇంటికొచ్చేదాకా తన చేతులు చూసుకుంటూనే ఉన్నాడు.

ఇంట్లో పరమాన్నం కొత్త బియ్యంతో చేశాను. మాట్లాడకుండా తిన్నాడు.

నవంబరు 6

ఫోన్లోనే ముఖం చూపించి చేసే దారి ఉంది. రెండు యాప్‌లు కావాలి. ఫోన్లో చోటు లేదు. ఫొటోలు కంప్యూటర్‌లోకి మార్చడానికి గంట. యాప్ తెరిచి ముఖం ముందు పెడితే వెలుతురు చాలదంది, రెండోసారి వెనక వెలుతురు ఎక్కువంది, మూడోసారి ఏమీ చెప్పకుండా ఆగిపోయింది. పళ్లు తీయించాక బుగ్గలు లోపలికి పోయాయి, ఆధార్ ఫొటో పన్నెండేళ్ల నాటిది. ముఖం పోల్చుకోదేమోనని టెన్షన్.

అది నిన్న. ఇవాళ పొద్దున ఏడింటికి వసారాలో కుర్చీ తూర్పుకి తిప్పి కూర్చోబెట్టాను. ఎండ నేరుగా కాకుండా మెత్తగా ముఖం మీద పడేలా, వెనక ఖాళీ గోడ. కళ్లద్దాలు తీయించాను. కళ్లు ఆర్పమంది, ఆర్పాడు. పచ్చ గుర్తు వచ్చింది.

మీ ఇంట్లో చేసేటప్పుడు ఇదే పద్ధతి పెట్టుకోండి: పొద్దుటి నీడ వెలుతురు, తెల్ల గోడ, ఫోన్ కళ్లకి సమానమైన ఎత్తులో, పట్టుకునే మనిషి వేరే.

నవంబరు 11

పాలతాలికలు. వీడియో కాల్‌లో పెద్దమ్మ పిండి ఎలా పిసకాలో చూపిస్తోంది. మరిగే నీళ్లలో బియ్యప్పిండి పోసి కలుపుతూ "ఇదిగో చూడు, ఇట్టా..." అంది. ఆ "ఇట్టా" దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. ఆమె నోరు తెరిచి ఉంది, చెయ్యి గాల్లో ఉంది. గొంతు మాత్రం ముక్కలుగా వస్తోంది. మూడుసార్లు పెట్టి చేశాం. మూడుసార్లూ ఆ దగ్గరే.

నాకు తోచినట్టు చేశాను. తాలికలు పాలలో పడగానే విడిపోయి జావ అయింది. నాయన జావ తాగేశాడు.

నవంబరు 13

పెద్దమ్మ పొద్దున బస్సుకి అల్లూరు నుంచి వచ్చేసింది. చెప్పలేదు. సంచిలో బియ్యప్పిండి, బెల్లం అచ్చు. గేటు దగ్గరి నుంచే, "ఫోన్లో అయ్యే పని కాదబ్బయా" అని నాయనతో అంటూ లోపలికొచ్చింది.

ఇప్పుడు తెలిసింది, ఆ "ఇట్టా" ఏమిటో. పిండి వేడిగా ఉండగానే నెయ్యి చేతితో, మణికట్టు వైపు అరచేతితో ఒత్తాలి. చల్లారాక ఒత్తితే పగులుతుంది. నేను వేళ్లతో కలిపాను. పగుళ్లు లేని ముద్ద అయ్యాక తాలికలు పొడవుగా చేసి, ఆరకుండా తడి గుడ్డ కప్పాలి. పాలు తెర్లుతుండగా కొద్దికొద్దిగా వేయాలి, వేశాక రెండు నిమిషాలు గరిటె పెట్టకూడదు. బిగుసుకుని పైకి తేలాకే కదపాలి. చివర్లో ఒక చెంచా పిండి చల్లటి పాలలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. బెల్లం మామూలుగానే, చల్లారాక.

ఆమె గుప్పెడు తీసిన ప్రతిసారీ ఆపి తూచాను. నాలుగు గుప్పెళ్లు: 52, 50, 53, 51. విసుక్కోలేదు. ఐదో గుప్పెడు తనే కాటా మీద పెట్టి "ఎంతొచ్చింది?" అని అడిగింది.

నాయనకి తాలికలు నాలుకతో నొక్కితే కరిగేంత మెత్తగా కుదిరాయి. "ఇదే" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ అమ్మ గురించి మాట్లాడుకున్నారు. నేను గిన్నెలు తోముతూ విన్నాను.

నవంబరు 25

నిన్న వెనకింటి వాళ్ల బర్రె ఈనింది. దూడ కడుపునిండా తాగాక తీసిన మొదటి పూట పాలు చెంబుతో పంపారు. లేత పసుపు, తేనె అంత చిక్కగా.

జున్నుకి తోడు అక్కర్లేదు, పిండి అక్కర్లేదు. ఈనిన వెంటనే వచ్చే పాలలో దూడని రోగాల నుంచి కాపాడే మాంసకృత్తులు చాలా ఎక్కువ. ఆవిరి వేడికి అవే గట్టిపడి జున్ను అవుతుంది. పూట పూటకీ ఆ గుణం తగ్గుతుంది కాబట్టి మామూలు పాలు కలిపే లెక్క కూడా మారాలి. మొదటి పూటవి 250 మి.లీ.కి మామూలు పాలు 500 కలిపాను, బెల్లం తరుగు 150 గ్రాములు పొయ్యి ఎక్కించకముందే పచ్చిపాలలో కరిగించి వడకట్టాను, మిరియాలు అర చెంచా, యాలకులు రెండు. పెద్ద గిన్నెలో నీళ్లు, అందులో చిన్న గిన్నె, మూత మీద గుడ్డ. చిన్న మంట మీద 25 నిమిషాలు. మంట పెద్దదైతే లోపల చిల్లులు పడి నీరు ఊరుతుంది.

పుల్ల గుచ్చి చూస్తే శుభ్రంగా వచ్చింది. చల్లారాక పళ్లెంలో బోర్లిస్తే గిన్నె ఆకారంలోనే దిగింది. గరిటె తగిలితే వణికింది.

గ్యాస్ ఇప్పుడు నాయన పేరు మీదికి మారింది, ఓటీపీ నా ఫోన్‌కి వస్తుంది. నోట్‌బుక్‌లో 31 పేజీలు నిండాయి. వెనకింటి చెంబు ఖాళీగా పంపకూడదని అందులో జున్ను ముక్కలు పెట్టి ఇచ్చి వచ్చాను.

వచ్చేసరికి నాయన చెంచా పక్కన పెట్టి, వేళ్లతోనే రెండో ముక్క తీసుకుంటున్నాడు.

"ఇదేనా?" అని అడిగాను.

"మిరియాలు ఇంకొంచెం" అన్నాడు.

రేపు రెండో పూట పాలు వస్తాయి. మిరియాలు ముప్పావు చెంచా.